చిక్కుడుకాయల రథం మీద గులాబి రాయి

నాది పెడసరం నోరని మా వీధిలో అందరూ అంటారు. అననీ. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన ఆడదానికి ఆ నోరు కూడా లేకపోతే కాకులు పొడుచుకు తింటాయి. ఆ నోటితోనే చెబుతున్నాను, మా మరదలు చౌడేశ్వరమ్మ లాంటి మనిషి మళ్ళీ మా గడప తొక్కదు. ఆ పిల్లని తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. అంత పిచ్చిది మరి.

యుద్ధం ముదిరిన రోజులు. బెజవాడ స్టేషనులో సోల్జర్ల రైళ్ళు ఎడతెరిపి లేకుండా వచ్చిపోతుండేవి. బందరు కాలువ పక్కన మా నేతవాళ్ళ వీధిలో మాత్రం మగ్గం చప్పుడు లేదు. నూలు దొరికితే కదా నేయడానికి! సర్కారు కంట్రోలు పెట్టాక నూలు పెద్దవాళ్ళ గడపలు ఎక్కిందే గాని మా గడప తొక్కలేదు. మా మగ్గం గుంటలో పిల్లి ఈనింది. చీపురు పట్టుకుని తోలబోతే చౌడమ్మ అడ్డం వచ్చింది.

"ఉండనివ్వండి వదినా. మగ్గం గుంట ఖాళీగా ఉండకూడదు. ఎందుకైనా మంచిది" అంది.

అన్నిటికీ ఆ పిల్లకి అదొక్కటే మాట. బల్లి పలికినా, పాలు విరిగినా, కుడికన్ను అదిరినా ఏదో ఒకటి చేసేది, "ఎందుకైనా మంచిది" అనేది. "నీ ఎందుకైనా మంచిదితో చచ్చిపోతున్నానే" అని నేను అరిచేదాన్ని. నవ్వి ఊరుకునేది.

మా తమ్ముడు సాంబమూర్తి కూచుని తినే రకం కాదు. గూడూరు దగ్గర అభ్రకం గనుల్లో పని ఉందని, యుద్ధానికి అభ్రకం ఎంత తవ్వినా చాలడం లేదని పక్కింటి రత్తయ్య చెబితే, శ్రావణం వెళ్ళగానే వాడితో కలిసి రైలెక్కాడు. మగ్గం మీద నాడె ఆడించిన చేత్తో సమ్మెట పట్టాడు. వాడి చేతులు ఏమవుతాయోనని నా బాధ. చౌడమ్మ మాత్రం ఒక్కటే అడిగేది, "అక్కడ గని లోపల ఎండ పడుతుందా వదినా?" అని. పగలంతా భూమి కడుపులో, చీకట్లో పనని రత్తయ్య పెళ్ళాం చెప్పినప్పటి నుంచీ ఆ పిల్లకి అదే దిగులు.

కార్తీకంలో రత్తయ్య ఇంటికి వచ్చాడు. వస్తూ ఉత్తరీయం కొంగున కట్టిన మూట విప్పి ఒక రాయి చౌడమ్మ చేతిలో పెట్టాడు. చిక్కుడు గింజంత ఉంది. అద్దంలాగా అవతలి వేలు కనపడుతోంది. లేత గులాబి రంగు, పసిపిల్ల గోరు రంగు.

"పలుగురాళ్ళ రద్దులో దొరికాయమ్మా, రెండు. పక్కపక్కనే, ఒకే గూట్లో ఉన్నాయి" అన్నాడు రత్తయ్య. "ఒకటి నీకు పంపాడు, ఒకటి తన దగ్గరే ఉంచుకున్నాడు. జత విడగొట్టానని చెప్పు, మళ్ళీ నేనొచ్చి కలుపుతానని చెప్పు అన్నాడు."

చౌడమ్మ ఆ రాయిని కళ్ళకద్దుకుంది. నేను మాత్రం, "మొగుడు పంపాల్సింది రాళ్ళా?" అన్నాను. అన్నానే గాని నాకూ ముచ్చటేసింది. వాడికి మాటలు రావు. మాట చెప్పలేని మనిషి రాయి పంపాడు.

మర్నాడు దాన్ని కంసాలి ఆదిశేషయ్య గారికి చూపించింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, "స్ఫటికం అమ్మాయ్. రంగు స్ఫటికం. ముక్కుపుడకకి పనికొస్తుంది, చేసిమ్మన్నావా?" అన్నాడు.

"ఆయనొచ్చి జత కలిపాకే చేయించుకుంటాను బాబాయి గారూ" అని తిరిగి తెచ్చేసుకుంది.

ఇక ఆ రోజు మొదలు. పొద్దున్నే స్నానం చేసి, తులసికోట అంచు మీద పసుపు రాసి, ఆ రాయి అక్కడ పెట్టి సూర్యుడికి దణ్ణం పెట్టేది. పెట్టి లోపలికి తెచ్చుకోవచ్చు కదా? తెచ్చేది కాదు. పొద్దుగూకేదాకా ఎండలోనే ఉంచి, దీపాల వేళ తీసుకొచ్చి తలగడ కింద పెట్టుకునేది.

"కాకి ఎత్తుకుపోతుందే" అన్నాను.

"ఎత్తుకుపోదు, నేను చూస్తూనే ఉంటానుగా. ఆయన పగలంతా చీకట్లో ఉంటారు వదినా. ఆయన బదులు రాయైనా ఎండ చూడనివ్వండి."

చూడనీ అనుకుని వడియాలు పెట్టుకుంటూ నేనే కాకిని తోలాను.

ధనుర్మాసం వచ్చేసరికి రాయి రంగు మారింది. ముందు నేను గమనించలేదు. ఒకనాడు పేడ కలుపుతున్న నన్ను పిలిచి, "వదినా, ఒకసారి చూడండి. పాలిపోలేదూ?" అంది. గులాబి పోయి, కడిగిన బియ్యం నీళ్ళ రంగులోకి దిగింది. "మురికి పట్టి ఉంటుంది, కుంకుడుకాయతో తోము" అన్నాను. తోమింది. ఇంకా తెల్లగా కనపడింది.

మళ్ళీ ఆదిశేషయ్య గారి దగ్గరికి పరుగెత్తింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి గడ్డం గోక్కున్నాడు.

"స్ఫటికం రంగు పోగా నేను చూళ్ళేదు. కెంపు పోదు, పచ్చ పోదు. పగడం ఒక్కటే పాలిపోతుందంటారు, పెట్టుకున్నవాళ్ళ ఒంట్లో నలతగా ఉంటే."

ఏం మాట అది, మొగుడు దూరాన ఉన్న ఆడపిల్లతో అనాల్సిన మాట! "ఇది పగడమా ఏంటండీ? తెలియకపోతే తెలియదని చెప్పి ఊరుకోవచ్చుగా" అని ఆయన మొహం మీదే కడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు. కాని ఏం లాభం, విత్తనం నేలలో పడిపోయింది. ఇంటికి రాగానే చౌడమ్మ అరుగు మీద కూలబడి, "నేను పెట్టుకోలేదు వదినా. నా ఒంట్లో బాగానే ఉంది. దీని జత ఎవరి దగ్గరుందో వాళ్ళకే బాగోలేదు" అంది.

కార్డు రాయించాం. జవాబు లేదు. రత్తయ్యని వెళ్ళి చూసిరమ్మందామంటే వాడు కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. మూలిగే నక్క మీద తాటిపండన్నట్టు ఆ నెలలోనే గని పక్క ఊళ్ళో విషజ్వరాలని రైల్లో ఎవరో చెప్పుకున్నారని వీధిలోకి ఒక కబురొచ్చింది. ఇంకేముంది! మా తమ్ముడి ప్రాణం ఆ రాయి రంగులోనే ఉందని చౌడమ్మ మనసులో నాటుకుపోయింది. రంగు తిరిగొస్తే మనిషి దక్కుతాడు, పూర్తిగా పోతే పోతాడు. అంతే లెక్క.

ఆదివారాలు ఉప్పు మానేసింది. తర్వాత రోజూ మానేసింది. ఒంటిపూట తిండి. మాఘం రాగానే చీకటితో లేచి కృష్ణకి వెళ్ళి మొలలోతు నీళ్ళలో నిలబడి, వచ్చి తడిబట్టతో తులసికోట ముందు కూచునేది. ప్రార్థన ఎంత ఎక్కువైతే ఆ రాయికి ఎండ అంత ఎక్కువ. రాయి అంతకంతకూ తెల్లబడేది. తెల్లబడ్డకొద్దీ పిల్ల ఉన్న ఒక్కపూటలోనూ ఇంకో ముద్ద తగ్గించేది.

నేను తిట్టాను. బతిమాలాను. ఒకనాడు అన్నంలో ఉప్పు కలిపి ముద్ద నోట్లో కుక్కబోయాను. చెయ్యి పట్టుకుంది. చీపురుపుల్లలాగా ఉంది ఆ చెయ్యి.

"వదినా, ఆయన మీకు తమ్ముడు. మీకు లేదా భయం?"

"ఉందే! నాకూ ఉంది. కాని వాడికేం కాలేదు, నువ్విలా చస్తే వాడొచ్చి నన్ను చంపుతాడు" అన్నాను.

"నాకేమైనా పర్లేదు" అంది. అంత మాటా అనేసింది, దాని నోట్లో మన్నుపడ! తిడుతున్నానని అనుకోకండి, నాకు ఏడుపు అలాగే వస్తుంది.

రథసప్తమినాడు తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసింది. పెరట్లో పాదు నుంచి చిక్కుడుకాయలు కోసి, కొబ్బరి పుల్లలు గుచ్చి రథం కట్టింది. మా వైపు ప్రతి ఇంట్లో కడతారు, ఏ ఇంట్లోనూ అంత అందంగా ఉండదు. పిడకల దాలి మీద పాలు పొంగించి పరమాన్నం వండి చిక్కుడాకుల్లో పెట్టింది. సూర్యుడి బొమ్మ పెట్టాల్సిన చోట, రథం నడిమధ్యలో, ఆ రాయి పెట్టింది. అప్పటికే అది గాజుపెంకులా తెల్లగా ఉంది. ఎక్కడో ఒక మూల పిసరంత గులాబి మిగిలిందని నాకు చూపించబోయింది. నాకేం కనపడలేదు. "ఆఁ, ఉంది" అన్నాను.

నడినెత్తికి పొద్దొచ్చేదాకా లేవలేదు. లేవబోయి దాలి పక్కనే పడిపోయింది.

జ్వరం, దగ్గు. డాక్టరు వచ్చి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు, ఒంట్లో రక్తం లేదన్నాడు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని నన్ను కసిరాడు. మంచంలో పడ్డాక కూడా రాయిని మరవలేదు. పొద్దున్నే నా వైపు చూసేది. నేను తీసుకెళ్ళి తులసికోట మీద పెట్టేదాన్ని. సాయంత్రం తెచ్చి చేతిలో పెడితే, వెలుతురుకి ఎత్తి చూడలేక, "రంగొచ్చిందా?" అని నన్నడిగేది. "కొంచెం వచ్చినట్టే ఉందే" అనేదాన్ని. శివరాత్రి ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం, రాయి ఎండలో ఉండగానే, ఆ పిల్ల పోయింది.

పెద్దకర్మ కూడా అయిపోయాక మా తమ్ముడు వచ్చాడు.

వీధి మలుపు నుంచే వాడి గొంతు వినిపించింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు మాత్రం కేకలేసుకుంటూ వచ్చాడు. "ఏయ్ చౌడీ! రాయి ఎండలో గాని పెట్టావా ఏంటి? పెడితే నీ పనైపోయిందే!" అని నవ్వుతూ గడపలోకి అడుగు పెట్టాడు. నన్ను చూశాడు. నా వెనకాల దండెం మీద ఎప్పుడూ ఆరేసి ఉండే చౌడమ్మ పసుపు చీర లేకపోవడం చూశాడు. మిగిలింది నేను చెప్పను. నాకు చాతకాదు.

కాసిని గంజినీళ్ళు వాడి గొంతులో దిగింది మర్నాడు సాయంత్రం. అప్పుడు నేను తెల్లరాయి తెచ్చి వాడి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. వాడు మొలలోంచి ముక్కుపొడుం డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల గుడ్డపీలికలో రెండో రాయి. మొదటిరోజు చౌడమ్మ చేతిలో చూసిన రంగే, ఇసుమంత తగ్గలేదు.

"ఇది స్ఫటికం కాదక్కా. గనికి ఒక ఆఫీసరొచ్చాడు, రాళ్ళ చదువు చదివినాయన. నా డబ్బాలో ఇది చూసి గంతేశాడు. స్ఫటికమంటే పలుగురాయేనంట, దీంతో పలుగురాయి మీద గీస్తే పలుగురాయికే గీత పడింది. ఏదో బరువైన ద్రావకం సీసాలో పోసి పలుగురాయి వేస్తే తేలింది, ఇది మాత్రం అడుక్కి దిగింది. ఇందులో బెరీలియం అని ఒక లోహం, ఇసుకలో ఉండే సరుకూ కలిసి ఉంటాయంట. అభ్రకం పక్కన, పచ్చరాళ్ళ జాతి పుట్టే చోట ఎప్పుడో ఒకటి దొరుకుతుందంట. ఫెనకైట్ అన్నాడు. గ్రీకు భాషలో మోసగాడని అర్థమంట. స్ఫటికంలా కనపడి అందర్నీ మోసం చేస్తుందని ఆ పేరు పెట్టారంట."

"రంగు సంగతి చెప్పు" అన్నాను.

"రంగున్నవి మరీ అరుదంట. ఆ రంగు ఎండకు నిలవదన్నాడు. నాకివ్వమని అడిగాడు. దీని జత నా పెళ్ళాం దగ్గరుందండీ అంటే నవ్వి, అయితే చీకట్లోనే ఉంచుకో అని తిరిగిచ్చేశాడు." తలొంచుకుని డబ్బా మూత తిప్పుతూ, "వచ్చి దాన్ని ఆటపట్టిద్దామనుకున్నానక్కా" అన్నాడు.

చీకట్లో ఉన్నది గులాబి రంగులోనే ఉంది. ప్రేమగా ఎండ చూపించినది తెల్లబడింది. ఈ ఒక్క మాట ఏ గాలికో కొట్టుకొచ్చి మా పెరట్లో పడి ఉంటే చౌడమ్మ ఈపాటికి నా ఎదురుగా నూలు కండెలు చుడుతూ ఉండేది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. సూర్యుడి మీద తెచ్చుకున్నాను.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఊరుకోరు కదా. నీకు ఒంట్లో ఎలా ఉండిందని వాణ్ణి అడిగారు. మాఘం మొదట్లో వాడికి జ్వరం వచ్చిన మాట నిజమే. గని మార్చి అడవి లోపలికి తీసుకెళ్ళారు, మా కార్డు అందలేదు, అక్కడ చలిజ్వరం పట్టుకుంది. రథసప్తమి నాటికి చెమట పట్టి విడిచింది. ఆ మాట వాడి నోట రాగానే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "ఇంకేం కావాలి! మహాతల్లి తన ఆయుష్షు పోసి మొగుణ్ణి నిలబెట్టుకుంది. రాయి ఊరికే పాలిపోతుందా?" అన్నారు. మా తమ్ముడు తలెత్తి వాళ్ళ వంక చూశాడు. వచ్చిన తర్వాత వాడి కళ్ళలో వెలుగు కనపడింది అప్పుడే.

మర్నాడు పొద్దున తులసికోట మీద చూద్దును కదా, తెల్లరాయి పక్కన గులాబి రాయి. వాడు ఎదురుగా గొంతుక్కూచుని ఉన్నాడు.

అడగక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఎండే రంగు తీసేసేటట్టయితే ఇదీ తెల్లబడుతుంది. అప్పుడు చౌడమ్మ ఏమీ లేనిదానికి, వట్టి రాయి గుణానికి భయపడి తిండి మాని చచ్చిపోయినట్టు. ఇది తెల్లబడకపోతే ఆ పిల్ల తపస్సు నిజం, వీడి ప్రాణం ఆ పిల్ల పెట్టిన భిక్ష. బతకడానికి వాడికి ఆ రెండోది కావాలి. ఆఫీసరు మాట అబద్ధం కావాలి.

నేను శకునాలు నమ్మే మనిషిని కాను. అయినా వాడు స్నానానికి లేచినప్పుడల్లా వెళ్ళి గులాబి రాయి మీద ఇత్తడి గిన్నె బోర్లించి, వాడొచ్చేలోపు తీసేసేదాన్ని. ఫాల్గుణం ఎండలు వెళ్ళి చైత్రం ఎండలొచ్చాయి. గిన్నె మూతేసి ఎన్నాళ్ళు ఆపుతాను? ఒకనాడు వాడు చూడనే చూశాడు. కోప్పడలేదు. గిన్నె తీసి నా చేతికిచ్చాడు.

"వద్దక్కా. తెలియాలి."

"తెలిసి ఏం చేస్తావురా?"

"ఏమో. తెలియాలి" అన్నాడు.

వైశాఖంలో బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది. రాళ్ళే పగులుతాయి. గులాబి కాస్తా బియ్యం కడుగు నీళ్ళయింది, అది కాస్తా గాజుపెంకయింది. వాడు రోజూ చూస్తూనే ఉన్నాడు. చివరికి ఒక సాయంత్రం రెండింటినీ అరచేతిలో వేసుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఎండేనక్కా" అన్నాడు.

నేను పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూచున్నాను. తలెత్తలేకపోయాను. అయ్యో తల్లీ, ఏమీ లేనిదానికి పోయావా అని లోపల్లోపల కుమిలిపోయాను.

వాడు వెళ్ళలేదు. చెయ్యి ఇంకా ముందుకి చాపాడు.

"ఇందులో చౌడిది ఏది?"

అప్పుడు చూశాను. ఒకే గూట్లో పుట్టినవి, ఒకే కొలత, ఒకే తెలుపు. పసుపు మరక గాని, చిన్న గాటు గాని దేనికీ లేదు. వాడు వాటిని కలిపేసుకుని ఏది ఏదో మరిచిపోయాడు. రంగు పోతే పోయింది, తపస్సు పోతే పోయింది, కనీసం ఆ పిల్ల పట్టుకున్న రాయైనా వాడికి మిగలాలి కదా.

ఒకటి తీసి వాడి ఎడమచేతిలో పెట్టాను. "ఇది."

"నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంట్రా? మంచం పట్టినన్నాళ్ళూ దీన్ని ఎండలో పెట్టిందెవరు, తీసిందెవరు? ఆ మాత్రం గుర్తుపట్టలేనా?" అని కసిరాను. కసిరితే నమ్ముతాడు, నాకు తెలుసు. నమ్మాడు. పిడికిలి మూసుకుని గుమ్మంలోనే కూలబడి, వచ్చిన తర్వాత మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆషాఢంలో కాస్త నూలు దొరికింది. పిల్లిని తోలి గుంట శుభ్రం చేసుకుని మగ్గమెక్కాడు. ఆ రాయిని గుడ్డలో చుట్టి తన కళ్ళెదురుగా మగ్గం తాడుకి కట్టుకున్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

రెండోది నా దగ్గర మిగిలింది. ఎవరిదో నాకు తెలియదు. వాడిదే కావచ్చు, చౌడమ్మదే కావచ్చు. పొద్దున్నే స్నానం చేసి, తులసికోట అంచు మీద పసుపు రాసి, దాన్ని పెట్టి దణ్ణం పెడతాను.

ఎందుకైనా మంచిది.